సైజు చిన్నది... చిక్కు పెద్దది!

విదేశీ సరుకు ఇంటికి రావడం తేలికే, తిప్పి పంపడమే గగనం

పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల వాళ్లు ఒకప్పుడు బూట్లు కొనాలంటే భీమవరమో, తణుకో, తాడేపల్లిగూడెమో బస్సెక్కి వెళ్లేవారు. దుకాణంలో బల్ల మీద కూర్చుని కాలు దూర్చి, నాలుగడుగులు నడిచి, బొటనవేలు నొక్కుకుంటే పై సైజు అడిగి, బేరమాడి తెచ్చుకునేవారు. మర్నాడు బిగుతనిపిస్తే అదే దుకాణానికి పట్టుకెళ్లి మార్చుకునేవారు.

ఇప్పుడు ఆ బజారంతా చేతిలోని ఫోనులోకి వచ్చేసింది. చేను గట్టు మీద నిలబడే చైనా దుకాణంలో బూట్లు, అమెరికా దుకాణంలో చలికోటు, లండన్ పేరు పెట్టుకున్న దుకాణంలో పిల్లకు గౌను కొనేయవచ్చు. డబ్బు క్షణంలో వెళుతుంది. సరుకు వారాల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. ఆశగా విప్పి చూస్తే బూటులో కాలు దూరదు. గౌనులో పిల్ల దూరదు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

మన దేశంలో అమ్మే సంస్థ అయితే చాలాసార్లు మనిషిని ఇంటికే పంపి సరుకు వెనక్కి తీసుకెళుతుంది. సముద్రం అవతలి అమ్మకందారు అలా మనిషిని పంపలేడు. "మీ ఖర్చుతో మా చిరునామాకు పంపండి, అందాక చూస్తాం" అంటాడు. పంపే ఖర్చు చూస్తే వస్తువు ధరతో పోటీ పడుతుంది. పంపకపోతే పెట్టిన డబ్బు పోయినట్టే. కూలి డబ్బు కూడబెట్టి కొడుక్కి కాలేజీ బూట్లు కొన్న తండ్రికి ఇది చిన్న నష్టం కాదు.

అయితే అన్ని కేసుల్లోనూ డబ్బు పోవాల్సిన పని లేదు. తప్పు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. కాగితం చేతిలో లేకుండా సరుకు వెనక్కి పంపకూడదు. ఈ రెండూ తెలియకనే ఎక్కువ మంది నష్టపోతున్నారు.

తప్పు ఎవరిది?

సైజు కుదరకపోవడంలో రెండు రకాలున్నాయి. కొన్నవారు 42 అడిగితే అమ్మకందారు 40 పంపడం మొదటి రకం. పెట్టె మీద 42 అని ఉండి, లోపలి వస్తువు కొలత అమ్మకందారు తన పట్టికలో చూపించినదానికి తేడాగా ఉన్నా ఇదే రకం కిందికి వస్తుంది. ఇక్కడ తప్పు అమ్మకందారుది. చెప్పిన లక్షణాలు లేని సరుకు పంపినట్టు లెక్క.

రెండో రకంలో అడిగిన సైజే వచ్చింది, పట్టికలోని కొలతా సరిపోయింది, కాని ఒంటికి కుదరలేదు. ఇక్కడ ఎంపిక కొన్నవారిది. ఇలాంటప్పుడు వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది చాలా వరకు అమ్మకందారు పెట్టుకున్న నిబంధనలను బట్టే ఉంటుంది.

యూరప్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండానే 14 రోజుల్లో వద్దనే హక్కు అక్కడి కొనుగోలుదారులకు ఉంది. ఆ చట్టం అక్కడి వారి కోసం చేసింది. అమెరికాలో ఆన్‌లైన్ కొనుగోళ్లకు దేశమంతటికీ వర్తించే అలాంటి హక్కు లేదు, దుకాణం నిబంధనే ఆధారం. మన దేశంలోనూ 'నచ్చలేదు' అన్న ఒక్క మాటతో ఆన్‌లైన్ సరుకు తిప్పి పంపే హక్కు చట్టంలో లేదు. సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటించినట్టు లేకపోయినా మాత్రం చట్టం కొన్నవారి పక్షాన నిలుస్తుంది.

అందుకే అమ్మకందారుకు రాసే మొదటి ఉత్తరంలోనే ఏ రకమో స్పష్టంగా చెప్పాలి. 'సైజు చాలలేదు' అని ఊరికే రాస్తే అవతలివాడు దాన్ని రెండో రకంలోకి తోసేస్తాడు. 'మీ పట్టికలో ఛాతీ కొలత 104 సెంటీమీటర్లని ఉంది, వచ్చిన చొక్కా 96 సెంటీమీటర్లే ఉంది, టేపుతో తీసిన ఫొటో ఇదిగో' అని రాస్తే తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

8 అంటే 8 కాదు

అన్ని దేశాల వాళ్లూ ఒకే కొలబద్ద వాడరు. మన చెప్పుల దుకాణాల్లో నడిచేది ఇంగ్లండు పద్ధతి. అందులో ఒక సైజుకూ పై సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు. యూరప్ పద్ధతిలో ఆ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. అమెరికా పద్ధతి ఇంగ్లండు పద్ధతిలాగే నడిచినా అంకె వేరు.

మగవారి బూట్లలో మన 8 అంటే అమెరికా వాళ్లకు సుమారు 9, యూరప్ వాళ్లకు 42. మన కుర్రాడు అలవాటుగా 8 నొక్కితే అమెరికా దుకాణం తన 8 పంపుతుంది. అది మనకు 7. కాలు దూరకపోవడంలో వింతేముంది? ఆడవారి చెప్పుల్లో తేడా ఇంకా ఎక్కువ. మన 5 అక్కడ సుమారు 7 అవుతుంది.

చైనా పెట్టెల మీద 255, 260 వంటి అంకెలుంటాయి. అవి పాదం పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. చైనా చొక్కా మీద 170/92ఏ అని ఉంటే 170 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల ఛాతీ ఉన్న మనిషికి కుట్టిందని అర్థం. ఎం, ఎల్, ఎక్సెల్ అనే అక్షరాలను మాత్రం నమ్ముకోకూడదు. ఒక దేశపు ఎక్సెల్ ఇంకో దేశంలో ఎల్ కావచ్చు. ఒకే దేశంలో రెండు కంపెనీల ఎక్సెల్ కూడా ఒకటి కాకపోవచ్చు.

పాదం పొడవు సరిపోయినా వెడల్పు సరిపోకపోవడం పల్లెల్లో తరచూ కనిపించే బాధ. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా నడిచిన పాదం ముందు వైపు వెడల్పుగా ఉంటుంది. విదేశీ బూట్లలో వెడల్పుకు వేరే గుర్తులుంటాయి. అమెరికా పద్ధతిలో మగవారికి డి అంటే మామూలు వెడల్పు, 2ఈ అంటే ఎక్కువ, 4ఈ అంటే ఇంకా ఎక్కువ. వెడల్పు పాదం ఉన్నవారు పొడవు సైజు పెంచుకుంటే బూటు ముందు ఖాళీగా ఉండి, పక్కలు ఒరుసుకుంటాయి. వెడల్పు గుర్తు చూసి తీసుకోవడమే మేలు.

మన దేహాల కొలతలకు మన పట్టికే ఉండాలన్న ప్రయత్నం దేశంలో సాగుతోంది. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ దుస్తుల కొలతల కోసం హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో సర్వే చేపట్టింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ పాదాల కొలతలు సేకరించి 'భ' అనే పేరుతో భారతీయ పద్ధతిని ప్రతిపాదించింది. అవి ఇక్కడి తయారీదారులకు పనికొస్తాయి. విదేశీ అమ్మకందారు మాత్రం తన పట్టిక ప్రకారమే పంపుతాడు.

దీనికి మందు ప్రతి ఊరి దర్జీ దగ్గరా ఉంది. దర్జీ టేపుకు ఒక వైపు 60 అంగుళాలు, రెండో వైపు సుమారు 150 సెంటీమీటర్లు ఉంటాయి. సెంటీమీటర్ల వైపు తిప్పి కొలవాలి. ఒంటి కొలత ఒక్కటే చాలదు. ఇప్పటికే చక్కగా కుదిరిన చొక్కాను బల్ల మీద పరిచి ఛాతీ, భుజం, పొడవు కొలిచి, ఆ అంకెలను అమ్మకందారు పట్టికతో పోల్చాలి. పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, గుడ్డ కొలతా అన్నది కూడా చూసుకోవాలి. పాదాన్ని సాయంత్రం పూట, బరువు మోపి నిలబడి, కాగితం మీద గీత గీసి కొలవాలి. పొద్దంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు పాదాల్లో పెద్దదాని కొలతే తీసుకోవాలి.

చెరువు గట్టుకూ పాకిన బాధ

ఈ బాధ బట్టలు, బూట్లతో ఆగలేదు. రొయ్యల చెరువుల జిల్లా ఇది. నీటిలో ప్రాణవాయువు కొలిచే మీటర్లు, వాల్వులు, పంపు భాగాలు విదేశీ అమ్మకందార్ల దగ్గర కాస్త చవకగా కనిపిస్తాయి. వాటిలోనూ సైజు తేడాలు రైతును ముంచుతాయి.

పైపు మరలు చూడండి. మన దగ్గర వాడేది బ్రిటిష్ పద్ధతి మర, అమెరికాలో వాడేది వేరే. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే ఉంటాయి. అందుకే అమెరికా వాల్వు మన పైపుకు మొదటి రెండు మూడు చుట్లు ఎక్కుతుంది. సరిపోయిందనే అనిపిస్తుంది. కాని మర పల్లు ఉండే కోణం ఒకరిది 55 డిగ్రీలు, ఇంకొకరిది 60 డిగ్రీలు. బిగించిన కొద్దీ పట్టేసి, నీరు కారుతూనే ఉంటుంది. అంగుళం సైజుకు వస్తే చుట్ల లెక్క కూడా మారిపోతుంది. మనది 11, వాళ్లది పదకొండున్నర.

కరెంటు సామానుకూ ఇదే జాగ్రత్త అవసరం. అమెరికాలో ఇళ్ల కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడికోసం చేసిన యంత్రాన్ని చూసుకోకుండా ఇక్కడ ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. కాలిన వస్తువును ఏ అమ్మకందారూ వెనక్కి తీసుకోడు.

బేరింగుల దగ్గర మాత్రం రైతుకు ఊరట. వాటి అంకె అన్ని దేశాల్లోనూ ఒకటే. 6205 అంటే ఎక్కడైనా లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. పాత బేరింగు మీది అంకె చూసి తెప్పించుకుంటే సైజు తప్పదు.

విప్పేటప్పుడే సాక్ష్యం

పార్సెలు రాగానే ఆత్రంగా చింపేయడం పెద్ద పొరపాటు. చిరునామా చీటీ కనిపించేలా మొదలుపెట్టి, పెట్టె విప్పే తంతంతా ఫోనులో వీడియో తీయాలి. సైజు చీటీ, వస్తువు, పక్కన టేపు కలిసి కనిపించేలా ఫొటోలు తీయాలి. చీటీలు తెంపకూడదు. బూట్లను ఇంట్లో చాప మీదే వేసి చూడాలి, మట్టిలో నడవకూడదు. అడుగున గీత పడితే 'వాడారు' అంటారు. పెట్టె, సంచి, కాగితాలు పారేయకూడదు.

తర్వాత అమ్మకందారుకు అదే యాప్‌లో గాని, ఈమెయిల్లో గాని రాయాలి. ఫోనులో మాట్లాడిన మాటకు సాక్ష్యం ఉండదు. వెనక్కి పంపడానికి గడువెంత, ఏ చిరునామాకు పంపాలి, తిరుగు ఖర్చు ఎవరిది, డబ్బంతా ఇస్తారా, మొదట తీసుకున్న పంపుడు ఖర్చు మినహాయిస్తారా అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రావాలి. తప్పు అమ్మకందారుదైతే, తిరుగు తపాలా ఖర్చు ఆయనే భరించాలని గట్టిగా అడగాలి.

కొందరు అమ్మకందార్లు బేరానికి దిగుతారు. 'వస్తువు మీరే ఉంచుకోండి, ఇరవై శాతం తిరిగి ఇస్తాం' అంటారు. వద్దంటే ముప్పై అంటారు. వస్తువు ఇంట్లో ఇంకొకరికి పనికొస్తే ఆ బేరం లాభమే. పనికిరాకపోతే ఒప్పుకోకూడదు. కొంత డబ్బుకు ఒప్పుకున్నట్టు రాసిస్తే మిగతా డబ్బు అడిగే దారి మూసుకుపోతుంది.

జవాబు రాకుండానే తొందరపడి పార్సెలు పంపేయకూడదు. అనుమతి నంబరు లేని పార్సెలును అవతలివాడు తీసుకోకపోవచ్చు. అప్పుడు వస్తువూ పోతుంది, తపాలా ఖర్చూ పోతుంది.

పోస్టాఫీసు కౌంటరు దగ్గర

విదేశానికి పార్సెలు పంపాలంటే ముందుగా పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి ఖర్చు విచారించాలి. బరువు, దేశం బట్టి రేటు మారుతుంది. బూట్ల జత పెట్టెతో సహా కిలో దాకా తూగుతుంది. పెట్టె తీసేసి పంపితే బరువు తగ్గుతుంది గాని, కొందరు అమ్మకందార్లు అసలు పెట్టె లేనిదే తీసుకోరు. అది ముందే అడిగి తెలుసుకోవాలి.

"ఇందులో ఏముంది బాబూ, విలువెంత?" అని గుమాస్తా అడుగుతారు. ఆ వివరాలు కస్టమ్స్ ఫారంలో రాయాలి. 'సైజు కుదరక అమ్మకందారుకు తిప్పి పంపుతున్న సరుకు' అని స్పష్టంగా రాసి, కొన్న బిల్లు నకలు, అమ్మకందారు అనుమతి నకలు జతచేయాలి. అలా రాయకపోతే అవతలి దేశపు కస్టమ్స్ అది కొత్త సరుకనుకుని అమ్మకందారు దగ్గర సుంకం అడగవచ్చు. ఆయన కట్టనంటే పార్సెలు చెల్లదు.

అమెరికాకు పంపేవారికి ఇంకో మాట. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ఆ మార్పు మూలంగా మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలా రకాల పార్సెళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు 15న సుంకం ముందే కట్టించుకునే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి అమెరికా పార్సెలుకు తపాలా ఖర్చు ఒక్కటే లెక్క వేసుకోకూడదు.

పార్సెలు ఎక్కడుందో తెలిసే ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపాలి. కాస్త చవకని మామూలు టపాలో పంపితే 'మాకు అందలేదు' అన్న ఒక్క మాటతో అమ్మకందారు చేతులు దులుపుకుంటాడు. రసీదు డబ్బు చేతికి వచ్చేదాకా దాచాలి.

కట్టిన సుంకం సంగతి

విదేశీ సరుకు మీద కస్టమ్స్ సుంకం, దానికితోడు ఐజీఎస్టీ పడతాయి. తపాలాలో వస్తే పోస్ట్‌మ్యాన్ వసూలు చేసి రసీదిస్తారు. ప్రయివేటు కొరియరులో వస్తే సుంకంతోపాటు తమ సేవా రుసుమూ కలుపుతారు.

సరుకు తిప్పి పంపితే ఈ సుంకం అమ్మకందారు ఇవ్వడు. అది ప్రభుత్వానికి చేరిన డబ్బు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 26ఏ సెక్షన్ కింద దాన్ని తిరిగి కోరే వీలుంది. సరుకులో లోపం ఉండటమో, ఒప్పుకున్న వివరాలకు భిన్నంగా ఉండటమో జరిగి, క్లియరెన్సు ఉత్తర్వు నాటి నుంచి 30 రోజుల్లో తిరిగి విదేశానికి పంపితే సుంకం వాపసు కోరవచ్చు. తగిన కారణం ఉంటే పై అధికారి ఆ గడువును మూడు నెలల దాకా పెంచవచ్చు. సరుకు వాడి ఉండకూడదు. లోపం తెలుసుకోవడానికి తప్పనిసరైన వాడకానికి మాత్రం మినహాయింపు ఉంది. వచ్చిన సరుకే తిరిగి వెళ్లిందని అధికారులకు రుజువు చూపాలి.

రెండు వందల సుంకానికి ఈ కాగితాలన్నీ తిరగడం ఎవరికీ గిట్టదు. వేలల్లో సుంకం కట్టిన యంత్ర భాగానికైతే అడగడం దండగ కాదు. అలాంటప్పుడు సరుకు పంపేయక ముందే కొరియరు సంస్థను గాని, కస్టమ్స్ అధికారులను గాని సంప్రదించాలి. పంపేశాక అడిగితే రుజువు చూపడం కష్టం.

సుంకం తప్పించడానికి 'బహుమతి' అని రాసి పంపుతామని చెప్పే అమ్మకందార్లను దూరం పెట్టాలి. 2019 డిసెంబరు నుంచి తపాలా, కొరియరులో బహుమతి పేరుతో సరుకు దిగుమతి చేసుకోవడం నిషిద్ధం. రాఖీకి, ప్రాణరక్షక మందులకు మాత్రమే మినహాయింపు.

బ్యాంకు తలుపు కూడా తట్టవచ్చు

అమ్మకందారు మొండికేస్తే కార్డు మీద కొన్నవారికి ఇంకో దారి ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ చెల్లింపుపై అభ్యంతరం దాఖలు చేయవచ్చు. దీనినే చార్జ్‌బ్యాక్ అంటారు. 'చెప్పినట్టు సరుకు లేదు' అన్న కారణం చూపి, ఫొటోలు, అమ్మకందారుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, తిప్పి పంపడానికి ప్రయత్నించిన రుజువు ఇవ్వాలి. దీనికి గడువు సాధారణంగా 120 రోజులు. 'రేపిస్తాం, మాపిస్తాం' అని అమ్మకందారు కాలయాపన చేసేది ఆ గడువు దాటించడానికే కావచ్చు. మన ఎంపిక తప్పిన రెండో రకం కేసుల్లో ఈ దారి నడవదు.

డబ్బు తిరిగి వచ్చినా పైసాతో సహా రాకపోవచ్చు. కొన్న రోజు డాలరు ధర వేరు, తిరిగి వచ్చిన రోజు ధర వేరు. విదేశీ చెల్లింపుపై బ్యాంకు తీసుకున్న రుసుము చాలాసార్లు వెనక్కి రాదు. ఈ కోత కూడా కొనేముందే లెక్కలో వేసుకోవాలి.

చట్టం ఏమంటోంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. దాని కింద 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు జారీ అయ్యాయి. మన దేశంలో కార్యాలయం లేకపోయినా, ఇక్కడి వారికి క్రమం తప్పకుండా సరుకు అమ్మే విదేశీ సంస్థలకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.

పరిష్కారం దొరకకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మకందారు ఎక్కడున్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల దాకా కొనుగోలుకు రుసుము లేదు. రెండేళ్లలోగా వేయాలి.

అయితే తీర్పు వేరు, వసూలు వేరు. మన దేశంలో కార్యాలయం గాని, ప్రతినిధి గాని ఉన్న సంస్థ అయితే తీర్పు అమలవుతుంది. ఊరూ పేరూ లేని విదేశీ దుకాణం మీద తీర్పు వచ్చినా డబ్బు రాబట్టడం కష్టం. 2020లో కేంద్ర ప్రభుత్వం జూన్‌లో 59, నవంబరులో 43 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో విదేశీ సరుకు అమ్మే యాప్‌లూ ఉన్నాయి. యాప్ మూతపడితే అందులో చేసుకున్న ఫిర్యాదు కూడా దానితోనే పోతుంది. ఫిర్యాదులు, జవాబులు ఫొటోలు తీసి విడిగా దాచుకోవాలనడం ఇందుకే.

లండన్ పేరు, ఇంకో దేశపు చిరునామా

'దుకాణం మూసేస్తున్నాం, ఎనభై శాతం తగ్గింపు' అనే ప్రకటనలు ఫోనులో కుప్పలుగా వస్తుంటాయి. పేరు లండన్‌దో, ప్యారిస్‌దో ఉంటుంది. తిప్పి పంపబోతే మాత్రం చిరునామా మరో దేశంలో తేలుతుంది. కొనేముందే 'వాపసు నిబంధనలు' అన్న పేజీ చదవాలి. తిరుగు చిరునామా లేకపోయినా, ఫోను నంబరు లేకపోయినా ఆ దుకాణం గడప తొక్కకూడదు.

పార్సెలు కోసం ఎదురుచూసే వారికి మరో వల సిద్ధంగా ఉంటుంది. 'మీ పార్సెలు కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింకు నొక్కి డబ్బు కట్టండి' అని సందేశం వస్తుంది. నొక్కితే ఖాతా ఖాళీ అవుతుంది. తపాలా పార్సెలు సుంకం రసీదు మీద కట్టేది గాని, ఎవరో పంపిన లింకులో కట్టేది కాదు. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి.

గల్ఫ్ బంధువుల సాయం

గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయ్ వెళ్లినవారు చాలా మంది. "బావా, వచ్చేటప్పుడు ఆ బూట్లు పట్టుకురా" అని అడిగే మరదళ్లకు, బావమరుదులకు కొదవ లేదు. అక్కడి దుకాణంలో కొని బంధువు చేతికి అందేలా చేస్తే ఒక లాభముంది. కొలత తప్పిందని అక్కడే తేలితే అక్కడే మార్చుకోవచ్చు, సముద్రం దాటించే ఖర్చు ఉండదు. అయితే పాదం గీసిన కాగితాన్ని ఫొటో తీసి పంపితే ఉపయోగం లేదు. ఫొటోలో పాదం ఎంతైనా కనిపిస్తుంది. పొడవెంత, వెడల్పెంత అన్నది సెంటీమీటర్లలో చెప్పాలి. బంధువు ఆ కొలత పట్టుకుని అక్కడ బూటు లోపల టేపు పెట్టి చూస్తే సగం చిక్కు తీరుతుంది.

లేసు అల్లే చేతులకు తెలిసిన పాఠం

కొలత విలువ ఈ జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల దగ్గర కూర్చుని ఆడవాళ్లు అల్లే లేసు ఏళ్ల తరబడి విదేశాలకు వెళుతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బల్లగుడ్డ అడిగిన కొలతకు తగ్గితే విదేశీ వ్యాపారి ఒప్పుకోడు. అందుకే అల్లేవారు వరసలు లెక్కపెట్టుకుంటూ, మధ్యమధ్య కొలుచుకుంటూ అల్లుతారు.

గాజుల సంగతీ అంతే. మన ఆడవాళ్లు '2-4' అంటే రెండుంబావు అంగుళాలని, '2-8' అంటే రెండున్నర అంగుళాలని ఇట్టే చెబుతారు. అమెరికాలో ఉన్న కూతురు ఇక్కడి దుకాణంలో ఆన్‌లైన్‌లో గాజులు కొంటే, ఆమెకు విదేశీ అమ్మకందారు మనవాడే. 2-4 అని చెప్పాల్సింది 2-6 అని చెబితే అక్కడి నుంచి గాజులు తిప్పి పంపడం ఆమెకూ అంతే భారం. '2-4' అంటే లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లని దుకాణదారు ఒక్క ముక్క రాసిపెడితే ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది.

విదేశీ బేరం చెడ్డదనడానికి లేదు. ఇక్కడ దొరకని వస్తువు, దొరికినా ధర అందని వస్తువు అక్కడ దొరకవచ్చు. కాని కాలు పెట్టి చూసే వీలు లేని బేరంలో కన్ను చేసే పని టేపు చేయాలి, నోరు చేసే పని కాగితం చేయాలి. 1915, 1930 నంబర్లను, చెప్పుల సైజుల పట్టికను తెలుగులో రాసి ప్రతి పోస్టాఫీసులో, పంచాయతీ కార్యాలయంలో గోడకు అంటిస్తే ఖర్చు కొద్ది రూపాయలే అవుతుంది. ఆ పని చేయడానికి అధికారులు ముందుకు వస్తే పల్లె జనం ఎంతో డబ్బు మిగుల్చుకుంటారు.

ఇవి మరవకండి

కొనేముందు సెంటీమీటర్లలో కొలిచి అమ్మకందారు పట్టికతో పోల్చాలి.

వాపసు నిబంధనలు, తిరుగు చిరునామా చదివాకే డబ్బు కట్టాలి.

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయాలి. చీటీలు తెంపకూడదు.

అనుమతి రాతపూర్వకంగా వచ్చేదాకా సరుకు వెనక్కి పంపకూడదు.

ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపి, రసీదు భద్రపరచాలి.

తిరుగు ఖర్చు వస్తువు ధరను మించితే, తక్కువ డబ్బుకు రాజీపడటమో, ఊళ్లో ఆ సైజు వారికి అమ్ముకోవడమో మేలు.